తడితాడు

గుల్లలపేటలో జనం సముద్రానికి జడిసినా జడవకపోయినా పోలారావు నోటికి మాత్రం జడిసేవారు. పెద్దవల లాగేటప్పుడు పాట అందుకునేది అతనే. పడవలో తీసుకెళ్ళి నీటిలో విడిచిన వలని ఒడ్డు మీద రెండు కొసలా పట్టుకుని, పక్కకి ఇరవైమంది చొప్పున లాగాలి. అన్ని చేతులూ ఒక్క ఊపున కదలాలంటే ఒకడు పాట చెప్పాలి, మిగిలినవాళ్ళు ‘ఐలేసా’ అనాలి. ఆ పాట తాతలనాటిదేమీ కాదు. ఏ పూటకాపూట ఎవడు దొరికితే వాడి మీద కట్టేదే. అల్లుడు మామ పిసినారితనాన్ని ఎత్తిపొడుస్తాడు, మరదలు బావ బట్టతల మీద చరణం కడుతుంది, అందరూ పడీపడీ నవ్వుతూ లాగుతారు. తాడు పట్టిన నోటికి తప్పు లేదని ఆ పేటలో కట్టుబాటు. ఒడ్డున పడ్డ మాటని ఇంటికి మోసుకెళ్ళి పౌరుషపడినవాడికి మర్నాడు రెండింతలు పడేది.

కట్టుబాటు మంచిదే. రోజంతా ఉప్పునీళ్ళలో నానే మనుషులకి ఆపాటి నవ్వు ఉండాలి. కానీ ఆ నవ్వు చాటున చేరి ఒక ఆడపిల్లని నెల్లాళ్ళు నంజుకు తిన్నారే, అది మాత్రం ఏ లెక్కనా మంచిది కాదు.

పోలారావు తల్లి కాసులమ్మ. మొగుణ్ణి సముద్రం తీసుకుపోతే, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సోంపేట సంతకీ పలాసకీ తిరిగి, రెక్కలు ముక్కలు చేసుకుని ఇద్దరు కొడుకులని పెంచింది. పెద్దవాడు తవిటయ్య పదిహేనేళ్ళకే రంగం పోయాడు. రంగూన్ని అక్కడివాళ్ళు రంగమనే అంటారు. ఆ రోజుల్లో రంగానికి ఒక మనిషినైనా పంపని గడప ఉద్దానం సీమలో లేదు. తవిటయ్య రంగం రేవులో మూటలు మోశాడు, బర్మా ఆడదాన్ని చేసుకున్నాడు, కూతురు పుట్టిందని ఒక కబురూ, పెళ్ళాం జ్వరంతో పోయిందని ఒక కబురూ పంపాడు. ఆ తర్వాత కబురు వేరేవాళ్ళు తెచ్చారు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ పని దగ్గర తగువొచ్చి నరుకుళ్ళయ్యాయి. తవిటయ్య శవం కూడా దొరకలేదు.

ఆ శ్రావణంలో, టెక్కలి దగ్గరి సన్యాసయ్య అనే కూలీమేస్త్రీ తవిటయ్య కూతుర్ని వెంటబెట్టుకుని పలాసలో రైలు దిగాడు. కొబ్బరితోటల మధ్య ఇసకబాటలో పూటంతా బండి నడిపించి, పొద్దు వాలే వేళకి గుల్లలపేట చేరాడు.

పిల్ల పేరు గౌరి. పదిహేడేళ్ళు. తండ్రి ఇంట్లో తెలుగే మాట్లాడాడు కాబట్టి మాట పేట మాటే. మొహం మాత్రం తల్లిది. కాసులమ్మ గుమ్మంలో నిలబడి కొడుకు పోలిక కోసం ఆ మొహమంతా వెతికింది. కళ్ళు వాడివి కావు, బుగ్గలు వాడివి కావు, ఆ చప్పిడి ముక్కు అసలే కాదు. కన్నకొడుకుని నరికినవాళ్ళ మొహమొకటి వచ్చి తన గుమ్మం ముందు నిలబడినట్టు అనిపించింది ఆవిడకి. మూడు నెలల ఏడుపూ మాటై నోటికొచ్చింది.

"నా కొడుకుని మింగేసిన సప్పిముక్కుల గుంపులోదాన్ని నా గుమ్మంలోకి తెచ్చినావేటి సన్యాసయ్యా?" అంది.

పిల్ల తల దించుకుంది. సన్యాసయ్య మొహం చిట్లించి, మూట గుమ్మంలో పెట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు. పక్క గుడిసె ముందు వల ఆరేస్తున్న పోలారావు ఆ మాట విన్నాడు. దారిన పోతున్న కులపెద్ద లోకనాథం పెళ్ళామూ విన్నది.

కాసులమ్మ పది రోజులపాటు గంజి పోస్తూనే మనవరాలి మొహం చూడకుండా తిరిగింది. పదకొండో రోజున గౌరి చిరిగిన వల ఒళ్ళో వేసుకుని కంత పూడుస్తుంటే చూసింది. పిల్ల ముడి ఎడమచేత్తో వేస్తోంది. వేసి, దారం వేలికి చుట్టి గట్టిగా లాగుతోంది. తవిటయ్య అచ్చంగా అలాగే చేసేవాడు. ఎడమచేతి ముడి నిలవదని తండ్రి చేత తన్నులు తిని కూడా మానలేదు. కాసులమ్మ పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. ఆ రోజునుంచి ఆ పిల్లే ఆవిడ ప్రాణం. పోయిన కొడుకులో మిగిలినది అదొక్కటే. అది ఎక్కడికీ పోకూడదు, తన కళ్ళముందే ఈ పేటలోనే బతకాలి. ఇంకే కోరికా లేదు ఆవిడకి.

అయితే గుమ్మంలో అన్న మాట అప్పటికే గుమ్మం దాటిపోయింది.

పోలారావుకి అన్నంటే వల్లమాలిన ప్రేమ. అన్న చచ్చిన కబురు తెలిసిన రోజున తలపాగా ఇసకలో కొట్టి, ఒక్క బర్మావాడు చేతికి దొరికితే చాలన్నాడు. గుల్లలపేటలో బర్మావాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? గౌరి దొరికింది. అది అన్న కూతురని ఒప్పుకోనేలేదు. అన్ని ఓడలు వచ్చిపోయే రేవులో ఎవరికి పుట్టిందో ఎవడు చూడొచ్చాడన్నాడు. ఒకనాడు పొద్దున్న వల లాగుతూ, తల్లి అన్న మాటనే తీసుకుని పాట కట్టాడు.

"రంగం ఓడలో ఏటొచ్చినాది?"

"ఐలేసా."

"సప్పిముక్కు సరుకొచ్చినాది."

"ఐలేసా."

"అన్నని మింగి అరక్కొచ్చినాది."

"ఐలేసా."

నలభై గొంతులు. వల అంత తేలిగ్గా ఎన్నడూ రాలేదని మగాళ్ళు సంబరపడ్డారు. గౌరి ఆ వరసలోనే, తన వంతు తాడు పట్టుకుని ఉంది. ఐలేసా అనాలో మానాలో తెలియక నోరు మూసుకుని లాగింది.

మర్నాడు కళ్ళ మీద చరణం కట్టాడు. ఆ మర్నాడు తల్లి మీద కట్టాడు. అది కాగితం మీద పెట్టదగ్గది కాదు. పాట ఒడ్డున ఆగితే పోనీలే అనుకోవచ్చు. అది ఆగే రకం కాదు. మంచినీళ్ళ చెలమ దగ్గర ఆడవాళ్ళు గౌరి కడవని వరస చివరికి నెట్టేసేవారు. తీరా వంతు వచ్చేసరికి ఒకతె "సరుకొచ్చినాది" అనేది, మిగతావాళ్ళు ఐలేసా అంటూ ఊరిన నీళ్ళు కాస్తా తోడేసుకుని పోయేవారు. చిన్నపిల్లలు ముక్కులు వేళ్ళతో అదుముకుని వెంటబడేవారు. ఒక మధ్యాహ్నం గౌరి ఎండేసుకున్న చేపలని ఎవరో కాళ్ళతో ఇసకలో కలిపేశారు. ఎవరని కాసులమ్మ వీధి వీధంతా తిరిగి తిట్టిపోస్తే, ఒక గుడిసెలోంచి పాటే జవాబుగా వచ్చింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల మీద పాట రానివాడు పేటలో లేడు. పిలిచి ఒక్క మాట మాట్లాడినవాడు కూడా లేడు.

కాసులమ్మ కొడుకుని నిలదీసింది. పోలారావు నిమ్మళంగా విని, నువ్వే కదా అన్నావు, నేను దానికి వరస కట్టానంతే అన్నాడు. ఆవిడకి చెంప పగిలినట్టయింది. వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది.

భాద్రపద అమావాస్య ముందురోజు కాసులమ్మ సోంపేట సంతనుంచి ఒళ్ళు మండుతూ వచ్చింది. గంప దించిన చోట కంపుజాతి కూర్చుందని ఒక రైతు కొడుకు ఆవిడ ఎదురుగానే నీళ్ళు చల్లి కడిగించాడు. ముప్పయ్యేళ్ళుగా పడుతున్న మాటే. అయినా పడ్డ ప్రతిసారీ ఇల్లు చేరేదాకా ఆవిడకి అన్నం సయించదు. ఆ మంటతోనే గుమ్మంలో అడుగు పెట్టేసరికి గౌరి మూట కట్టుకుని కూర్చుని ఉంది. పలాస స్టేషనుకి దగ్గర బాట ఏదని అడిగింది. ఎక్కడికే అంటే తెలియదంది.

"అక్కడ ఆళ్ళకి నాను కలా గుంటని, మామ్మా. నల్ల పరాయోళ్ళని ఆళ్ళు తిట్టీ మాట అది. ఇక్కడ మీకు సప్పిముక్కుదాన్ని. రైలుకైతే నోరు నేదు గదా, కొన్నాళ్ళు దాన్లో తిరుగుతాను."

కాసులమ్మ సర్దిచెప్పబోయింది. తాడు మీది మాట నవ్వులాటకి అనేది, పట్టించుకోకూడదు, నాలుగు రోజులు పోతే వాళ్ళకే విసుగు పుడుతుంది అంది. అంటున్నప్పుడే ఆ మాటల మీద తనకే నమ్మకం లేదు.

"ఆళ్ళూ నవ్వులాటకే పాడీవోరు," అంది గౌరి. "రేవు పక్కన బియ్యం మిల్లులో మూటలు లాగతా కలా పాట పాడీవోరు. నాన్న కూడా నవ్వీవోడు, ఇంటికొచ్చి నాకు పాడి ఇనిపించీవోడు. రెండు నెల్లు పాడినారు. మూడో నెల కత్తులట్టుకొచ్చినపుడూ అదే పాట. అందరికీ ముందే వచ్చు గదా, కొత్తగా నేర్సుకోనక్కర్నేకపోయింది."

కాసులమ్మ వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. తెల్లవారితే అమావాస్య, వేట ఉండదు, కులపెద్దలు ఒడ్డున కూర్చుని తగువులు తీరుస్తారు. ఒక్కరోజు ఆగమని మనవరాలి గెడ్డం పట్టుకుంది. రేపు న్యాయం జరక్కపోతే నేనే బండి మాట్లాడి పలాసలో రైలెక్కిస్తానని ఒట్టేసింది. గౌరి సరేనంది గాని మూట విప్పలేదు.

గుల్లలపేటలో నోటితప్పుకి శిక్ష ఒక్కటే. దాన్ని తడితాడు అంటారు. పెద్దవలకి కట్టే కొబ్బరిపీచు తాడుచుట్టని సముద్రంలో ముంచి, తప్పు చేసినవాడి నెత్తిన పెడతారు. వాడు దాన్ని మోసుకుంటూ, ఎవరిని అన్నాడో వాళ్ళ గుమ్మం ముందుకి వెళ్ళి, అన్న మాట పైకి చెప్పి, తప్పని ఒప్పుకుని, తాడు కొస పళ్ళ మధ్య కరిచి నిలబడాలి. తప్పు నోటిది కాబట్టి నోటికే తాడన్నమాట. మాటపడ్డవాళ్ళు ‘దించు’ అనేదాకా దించకూడదు. మధ్యలో పడేస్తే తగువు వీగిపోయినట్టే. మాటపడ్డవాళ్ళని బతిమాలో బెదిరించో ఆ మాట అనిపించకుండా, అంతసేపూ వాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడి తీరాలంటే ముందు తానూ ఆ తాడు కింద తలపెట్టి తన తప్పు చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట జోగమ్మ అనే ఆవిడ తోటికోడల్ని దొంగముండ అన్నందుకు మోసింది. తాడులోంచి నీళ్ళు కారుతుండగానే తోటికోడలు దించమంది. ఎప్పుడూ అలాగే నిమిషంలో ముగిసేది.

మర్నాడు పొద్దున్న పడవల నీడలో పేటంతా చేరింది. కులపెద్ద లోకనాథం కాసులమ్మకి వరసకి బావ, నడుం వంగిన ముసలాయన. కాసులమ్మ లేచి కన్నకొడుకు మీద ఫిర్యాదు చెప్పింది. వెనక వరసల్లో నవ్వులు లేచాయి. పోలారావు నవ్వలేదు.

"తాడు మీద అన్నాను," అన్నాడు. "ఎవుడి మీద పాట కట్టనేదు నాను? లోకనాథం పెదనాన్న గూని మీద కట్టినాను. ఆయన ఏడిసినాడేటి? దీనికొక్కద్దానికీ కట్టుబాటు మారాలేటి?"

నిజమే నిజమే అన్నారు చాలామంది. కాసులమ్మ ఊరుకోలేదు. గూని ఒక మనిషిది, ఆ మనిషితో పోతుంది, నువ్వు అన్నది దీని పుట్టుకని, రేపు దీనికి పుట్టబోయేవాళ్ళని కూడా ఇవాళే అనేశావు అంది. గూని మీద పాట పాడినవాళ్ళు ఆ సాయంత్రమే లోకనాథం గుమ్మంలో కూర్చుని ఆయన చుట్టలే కాల్చారు, మరి దీన్ని చెలమలో కడవ ముంచనిచ్చారా అని ఆడవాళ్ళ వైపు తిరిగి అడిగింది. అటునుంచి ఎవరో సన్నగా ఐలేసా అన్నారు. మళ్ళీ నవ్వులు.

పోలారావు కళ్ళు ఎర్రబడ్డాయి. అతని గొంతులో ఉన్నది వేళాకోళం కాదు, దుఃఖమే, కాకపోతే ఎక్కడ దింపుకోవాలో తెలియక ఆ పిల్ల నెత్తిన దింపాడు.

"మా అన్నని ముక్కలు సేసినారు. నాను మాటన్నాను. మాటే గదేటి? మాటకి బరువుంటాదా? దాని ఒంటి మీద దెబ్బ సూపించండి, ఇప్పుడే తాడు మోత్తాను."

ఆ మాటకి పేటంతా అతని పక్కకి వచ్చేసింది. లోకనాథం పెద్దగా ఆలోచించలేదు. తాడు పట్టిన నోటికి తప్పు లేదు, పాట కట్టడం పోలారావు పని, చెలమ దగ్గర అల్లరి మాత్రం తగ్గించుకోండి అని తీర్పు చెప్పేశాడు. జనం ఇసక దులుపుకుంటూ లేచారు.

కాసులమ్మకి ఇంట్లో మూట కళ్ళముందు కనిపించింది. ఇంకో గంటలో ఆ పిల్ల పలాస బాట పడుతుంది, తానే ఎక్కించాలి, ఒట్టేసింది కూడా. ఆవిడ నిలబడ్డచోటునుంచి కదల్లేదు.

"కూకో బావా, తగువు అవనేదు," అంది. "ఆ మాట ముందన్నది పోలిగాడు కాదు, నాను. తాడు మీద కాదు. నా గుమ్మంలో, నేల మీద నిలబడి అన్నాను. నీ పెళ్ళాం ఇన్నాది, ఈడూ ఇన్నాడు. అది తప్పా కాదా, సెప్పు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లోకనాథం గొంతు తగ్గించి, కడుపుకోతతో అన్నావు, దాన్ని ఎవరూ పట్టించుకోరు, వదిలెయ్యమన్నాడు. ఆవిడ వదల్లేదు. జోగమ్మ కూడా కోపంలోనే అంది, మరి దాని చేత ఎందుకు మోయించారని అడిగింది. తప్పు కాదంటే కాదని అందరూ వినేలా చెప్పు, నిన్న సోంపేట సంతలో ఒక రైతు కొడుకు నన్ను కంపుజాతి అని నేల కడిగించాడు, అది కూడా తప్పు కాదని చెప్పు, వాడూ నా ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు కదా అంది. లోకనాథానికి ఆ మాట తగిలింది. ఆ సంతలో ఆయన పడ్డవి కూడా అవే మాటలు, అదే నీళ్ళు. తప్పే అన్నాడు.

"అయితే తాడు తే," అంది కాసులమ్మ.

పోలారావు ఒక్క అంగలో తల్లి ముందుకొచ్చాడు. ఆ బర్మాదాని కాళ్ళ దగ్గర నిలబడి నా పరువు తీస్తావా అని పళ్ళు కొరికాడు. ఆవిడ వాణ్ణి చేత్తో పక్కకి జరిపింది. ఇద్దరు మగాళ్ళు తాడుచుట్టని అలల్లో ముంచి తెచ్చి, అరవయ్యేళ్ళు దాటిన మనిషి నెత్తిన పెట్టడానికి జంకారు. ఆవిడే చుట్టకుదురు పెట్టుకుని వంగింది. బరువు మెడలోకి దిగింది. ముప్పయ్యేళ్ళు గంప మోసిన మెడ కాబట్టి నిలిచింది.

గౌరి గుమ్మంలో మూట పక్కన కూర్చుని ఉంది. పేటకి పేట తనవైపు నడిచి రావడం చూసి లేచి తడికకి అతుక్కుపోయింది. గుంపు ఎలా వస్తుందో ఒకసారి చూసిన పిల్ల. గుంపులోంచి కాసులమ్మ ఒక్కతే ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వొచ్చిన రోజున నిన్ను సప్పిముక్కుల గుంపులోదానివన్నాను. నానే అన్నాను. తప్పు," అని, తాడు కొస పళ్ళ మధ్య పెట్టుకుంది.

గౌరి చూసింది. ఏమీ అనలేదు.

తాడులోంచి ఉప్పునీళ్ళు కాసులమ్మ కళ్ళలోకి, అక్కణ్ణుంచి మెడ మీదికి కారాయి. చీర తడిసి ఒంటికి అంటుకుంది. జోగమ్మ మోసినంతసేపు గడిచింది. దానికి పదింతలు గడిచింది. పొద్దు కొబ్బరిచెట్ల మీదికి ఎక్కింది. గౌరి చేతులు నలుపుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అటూ ఇటూ చూసింది, నోరు మాత్రం విప్పలేదు. చూశారా దాని పొగరు అన్నారు గుంపులో. తండ్రిని తిన్నది చాలక ముసల్దాన్ని కూడా తినేస్తుంది అన్నారు. ఒకతె గౌరి వినేలా ఉమ్మింది.

మోకాళ్ళు వణకడం మొదలెట్టాక గాని కాసులమ్మకి అసలు సంగతి తట్టలేదు. ఈ పిల్లకి తెలియదు. దించు అనాలని తెలియదు. పేటలో పుట్టి బుద్ధెరిగిన ప్రతి గుంటకీ తెలిసిన సంగతి కాబట్టి, ఒకరు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తనకీ రాలేదు. నెల్లాళ్ళుగా దీని మీద పాడినవాళ్ళే గాని దీనితో మాట్లాడినవాళ్ళు ఎవరున్నారు చెప్పడానికి? ఇప్పుడు చెబుదామంటే తన నోట్లో తాడుంది. పడేస్తే తగువు పోతుంది, తగువుతో పాటు పిల్లా పోతుంది. ఆవిడ కళ్ళు తిప్పి లోకనాథాన్ని చూసింది. ఆయనకీ అప్పుడే అర్థమైంది. నోరు తెరిచి, తాడు వంక చూసి, మళ్ళీ మూసుకున్నాడు. చెప్పాలంటే తాడు కిందికి రావాలి. పాట పాడిన నోళ్ళు అక్కడ నలభై ఉన్నాయి. ఒక్కటీ ముందుకు రాలేదు. కొందరైతే వెనకనుంచి మెల్లగా ఇళ్ళకి జారుకున్నారు.

పోలారావు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల్లి మోకాలు ఒకసారి వంగి నిలదొక్కుకుంది. రెండోసారి వంగినప్పుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. తాడుచుట్ట సగం తన నెత్తి మీదికి లాక్కున్నాడు. మనసు మారి వచ్చాడనుకునేరు, అదేం కాదు. ఒళ్ళంతా కోపంతోనే వచ్చాడు.

"పాట నాను కట్టినాను. సప్పిముక్కు సరుకన్నాను, మీ యమ్మనీ అన్నాను. తప్పు," అన్నాడు గౌరి మొహం చూడకుండా. "ఇప్పుడిను. మా యమ్మని దించమను. దించు అని నువ్వే అనాల. ఇంకెవులు అన్నా సెల్లదు."

"నాను అనకపోతే?"

"అనీదాకా మొయ్యాల."

గౌరి పరుగెత్తుకొచ్చి ముసలమ్మని రెండు చేతులా పట్టుకుంది. "దించు మామ్మా, దించీ. నాకు తెలీదు, మామ్మా, నాకెవులూ సెప్పనేదు," అంటూ భోరుమంది. కాసులమ్మ తల పక్కకి తప్పించగానే తాడుచుట్ట మొత్తం పోలారావు నెత్తి మీదికి జరిగింది. గౌరి నాయనమ్మని నడిపించి గుమ్మంలో కూర్చోబెట్టింది. కడవ అడుగున మిగిలిన నీళ్ళు తాగించి, కొంగుతో ఆవిడ కళ్ళలో ఉప్పు తుడిచింది.

అప్పుడు పినతండ్రి వైపు తిరిగింది. పోలారావు తాడు కొస కరుచుకుని నిలబడి ఉన్నాడు. నీళ్ళు గెడ్డంనుంచి కారుతున్నాయి. తల్లి నెత్తిన బరువు దిగింది కాబట్టి తనకీ ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆ మాట వస్తుందనుకున్నాడు. జనమూ అదే అనుకున్నారు. ఇప్పుడు ఆ పిల్లకి తెలుసు కదా.

కాసులమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. వాడు తన కొడుకు, మిగిలినవాడు వాడొక్కడే. వాణ్ణీ దించమని ఒక్క మాట అడగాలని ప్రాణం కొట్టుకుంది. అడగాలంటే మళ్ళీ వెళ్ళి ఆ తాడు కింద తల పెట్టాలి. ఆవిడ చెయ్యి వదిలేసింది.

గౌరి మూట విప్పింది. అందులోంచి రెండు చీరలు తీసి తడిక మీద వేసింది. పాత వల ఒళ్ళో పరుచుకుని, అతనికి ఎదురుగానే గుమ్మంలో కూర్చుంది. ఎడమచేత్తో ముడి వేసి, దారం వేలికి చుట్టి లాగింది. ఇంకో ముడి వేసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, పోలారావు ఆమె నోటివైపే చూస్తూ మోస్తున్నాడు.